రేగడి, చెల్క తెలిసిన చేతితో అడవి కొండ మీది బూడిద నేలను వర్ణించడం ఎలా?

హైదరాబాద్‌లో నేల చదవడం నేర్చుకున్నవారి చేతికి రెండు మట్టులు బాగా తెలుసు. ఒకటి గ్రానైటు అరిగి తయారైన ఎర్ర చెల్క, రెండోది నల్లరేగడి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో ఈ రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఇదే చేతితో అగ్నిపర్వత బూడిద కలిసిన అడవి నేలను పట్టుకుంటే మాత్రం మోసపోతాం. బంకమట్టి ఉన్నా చేతికి తగలదు. మట్టి పొడిగా కనిపిస్తుంది, పిండితే నీరు కారుతుంది. తడి సంచిలో ఒకలా, ఆరిన పళ్లెంలో ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఈ నేలను వర్ణించే పద్ధతి మామూలు ప్రొఫైల్ పద్ధతే, అంటే గుంత తవ్వి నేలను పొరలవారీగా చదవడమే. కొన్నిచోట్ల మాత్రం పాత అలవాటును పక్కన పెట్టాలి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ చోట్ల గురించే.

లావా నేల వేరు, బూడిద నేల వేరు

తాండూరు, వికారాబాద్ వైపు రేగడి దక్కను లావా రాళ్ల మీద తయారైంది కాబట్టి దాన్ని కూడా ‘అగ్నిపర్వత నేల’ అని రాసేవాళ్లున్నారు. తల్లిరాయి వరకు ఆ మాట నిజమే. కానీ దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు పారిన లావా గట్టిపడి బసాల్టు రాయి అయింది, ఆ రాయి నిదానంగా అరిగి స్మెక్టైట్ అనే బంకమట్టి వచ్చింది. అందుకే రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బూడిద నేల పుట్టుక దీనికి పూర్తిగా భిన్నం. పేలుడులో ఎగసిన గాజు ధూళి అడవి మీద రాలుతుంది. అది చాలా త్వరగా కరిగిపోతుంది, స్ఫటికాలుగా కుదురుకునే వ్యవధి లేక ఆలోఫేన్, ఇమోగోలైట్, ఫెర్రీహైడ్రైట్ వంటి సూక్ష్మ పదార్థాలుగా మారుతుంది. తేలికగా ఉండటం, జారుడు (నొక్కితే హఠాత్తుగా లొంగి జారిపోవడం), నీటిని పట్టి ఉంచడం, భాస్వరాన్ని బిగించేయడం వంటి గుణాలన్నీ వీటి వల్లే. ఇవి ఉంటే ‘ఆండిక్ గుణాలు’ ఉన్నాయంటారు. జపాన్ భాషలో ‘ఆన్’ అంటే చీకటి, ‘దో’ అంటే మట్టి. ఆండిసోల్ అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. అమెరికా నేలల వర్గీకరణలో దానికి 1990లో ప్రత్యేక స్థానం దక్కింది.

పేరులో నలుపు ఉంది కదా అని రంగును నమ్ముకోవద్దు. అమెరికా వాయవ్య కొండల్లో, అంటే ఐడహో, వాషింగ్టన్, ఒరెగాన్ అడవుల్లో, సుమారు 7,700 ఏళ్ల కిందట మౌంట్ మజామా పేలి రాల్చిన బూడిద పొర ఉంది. ఆ పొర గోధుమ రంగులోనే ఉంటుంది. మజామా ఉన్నచోట ఇప్పుడున్నది క్రేటర్ లేక్.

అలాంటి కొండలకు బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనే సాధన

అనంతగిరి కొండలతో మొదలుపెట్టండి. నగరానికి సుమారు 80 కి.మీ. దూరం, బసాల్టు మీద లాటరైట్ (ఇనుము ఎక్కువున్న ఎర్ర రాయి) కప్పు, దాని మీద అడవి. బూడిద అక్కడ లేదు. అయినా వాలు కొలవడం, ఆకుచెత్త పొరలు విడదీయడం, చెట్ల వేళ్ల మధ్య గుంత ముఖాన్ని, అంటే చదివే గోడను, శుభ్రం చేయడం అక్కడ నేర్చుకోవచ్చు. రోడ్డు కోత దొరికితే గుంత తవ్వే పని కూడా తప్పుతుంది. అది రిజర్వు అడవి, కాబట్టి తవ్వాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. దక్కను లావా కోతల్లో రెండు ప్రవాహాల మధ్య ఇటుక రంగు పట్టీ కనిపిస్తే దాన్ని బూడిద నేలగా రాసుకోకండి. అది లావాల నడుమ చిక్కుకుని కాలిన పాత పొర, ఇప్పటి నేల కాదు.

నిజమైన బూడిద చూడాలంటే కర్నూలు దాటి బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం వెళ్లాలి. సుమత్రాలోని తోబా సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు వచ్చిన బూడిద అక్కడ జుర్రేరు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందంలో ఉంది. అది పురావస్తు స్థలం. గోడల్ని గీకకండి, కింద రాలి ఉన్నది చెంచాడు తీసుకుంటే చాలు. భూతద్దం కింద గాజు రేణువు ఎలా మెరుస్తుందో కంటికి అలవాటవుతుంది. జారుడు మాత్రం అక్కడ దొరకదు, ఎందుకంటే పొడి వాతావరణంలో గాజు గాజుగానే మిగిలింది, ఆలోఫేన్‌గా మారలేదు.

జారుడు తెలియాలంటే నీలగిరి ఎత్తైన కొండలే మనకు దగ్గర. విచిత్రమేమిటంటే అక్కడ బూడిద లేదు. చలి, తడి, విపరీతమైన సేంద్రియ పదార్థం కలిసి అల్యూమినియాన్ని హ్యూమస్‌తో (బాగా కుళ్లిన సేంద్రియ పదార్థంతో) బిగించి ఆండిక్ గుణాలు తెచ్చాయి. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే ‘ఆండిక్’, ‘బూడిద’ అన్న రెండు మాటల్ని మీరు ఎప్పుడూ కలిపేయరు. మొదటిది గుణం, రెండోది మూల పదార్థం. నోటుబుక్కులో వాటికి వేర్వేరు గడులు ఉండాలి.

సంచిలో ఏముండాలి

గడ్డపార, పార, తాపీ, గట్టి కత్తి, కొమ్మలు కోసే కత్తెర, టేపు, వాలు కొలిచే క్లైనోమీటర్, దిక్సూచి, పది రెట్ల భూతద్దం, మట్టి రంగును పోల్చి చూసే మన్సెల్ రంగుల పుస్తకం, నీళ్ల స్ప్రే సీసా, 2 మి.మీ. జల్లెడ, 100 ఘన సెం.మీ. ఉక్కు రింగులు నాలుగైదు, జిప్ సంచులు, ఐస్‌బాక్స్, పెన్సిలు. తాపీ, టేపు లాంటివి రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. మన్సెల్ పుస్తకం ఖరీదెక్కువ, డిపార్ట్‌మెంట్ నుంచి అరువు తెచ్చుకోండి. ఫొటోకాపీ వాడొద్దు, రంగు మారిపోతుంది.

రసాయనాలు రెండు: 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1 మోలార్ సోడియం ఫ్లోరైడ్ ద్రావణం. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టకండి, ఒకే పళ్లెంలో వాడకండి. ఆమ్లం ఫ్లోరైడ్‌తో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది చర్మంలోంచి లోపలికి దిగి ఎముక దాకా దెబ్బ తీస్తుంది. ఫ్లోరైడ్‌ను ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి, చేతి తొడుగులు వేసుకోండి, వాడిన ద్రావణాన్ని వాగులో పారబోయకుండా వెనక్కి తెచ్చుకోండి.

గుంత

1. చోటు ఎంచుకోండి. కొండ మీద బూడిద అన్నిచోట్లా సమానంగా నిలవదు. ఉత్తర ముఖపు వాలుల్లో తడి, దట్టమైన అడవి కలిసి దాన్ని కాపాడతాయి. ఎండ పడే దక్షిణ వాలుల్లో కార్చిచ్చు తర్వాత వాన కడిగేస్తుంది. కాబట్టి వాలు ముఖం (అది చూసే దిక్కు) డిగ్రీల్లో, వాలు శాతం, కొండ మీద స్థానం (శిఖరమా, నడుమా, పాదమా), ఎత్తు, చెట్ల జాతులు ముందే రాయండి. వాలు శాతానికీ డిగ్రీకీ తేడా మరవకండి. 45 డిగ్రీలంటే 100 శాతం.

2. పడిపోయిన చెట్టు వేళ్లు పెకలించిన గుంతలకు, గుట్టలకు దూరంగా జరగండి. గాలికి చెట్టు కూలినప్పుడు అడుగు మట్టి పైకొస్తుంది, బూడిద కిందికి జారుతుంది. అక్కడ తవ్వితే ఏ పొర ఎక్కడిదో తేలదు.

3. గుంత మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు, మీటరున్నర లోతు. రాయి ముందే తగిలితే అక్కడ ఆపండి. చదవాల్సిన ముఖం పైవాలు వైపు ఉండాలి. ఆ అంచు మీద నిలబడొద్దు, మట్టి పోయొద్దు. బూడిద పొర మెత్తన, ఒక్క మనిషి బరువుకే అణిగి సాంద్రత మారిపోతుంది. ఆకుచెత్తను ఒక పట్టా మీద, పైమట్టిని ఒకదాని మీద, బూడిద పొరను ఇంకోదాని మీద, అడుగు మట్టిని వేరొకదాని మీద పోయండి.

4. పార నునుపు చేసిన ముఖం ఏమీ చెప్పదు. కత్తి మొనతో పైనుంచి కిందికి చిన్న పెళ్లలుగా ఊడదీస్తూ రండి, మట్టి తన సహజమైన పగుళ్ల వెంట విడిపోవాలి. అప్పుడు టేపు వేలాడదీసి ఫొటో తీయండి.

పొరలు

పైన ఆకుచెత్తను మూడుగా విడదీయాలి. ఆకు ఆకుగానే ఉంటే ఓఐ, సగం కుళ్లితే ఓఈ, ముద్దగా నల్లబడితే ఓఏ. లోతు సున్నా ఎక్కడ మొదలైందో స్పష్టంగా రాయండి. అమెరికా పద్ధతిలో కుళ్లుతున్న ఆకుచెత్త పైభాగం నుంచి కొలుస్తారు, కొన్ని ఇతర పద్ధతుల్లో ఖనిజ మట్టి నుంచి. ఇది రాయని ప్రొఫైల్‌ను ఇంకొకరు పోల్చలేరు.

దాని కింద పలుచని ఏ పొర (హ్యూమస్ కలిసిన పైమట్టి), తర్వాత గోధుమ రంగు బీడబ్ల్యూ పొర (కొంత అరిగి రంగు మారిన మట్టి) ఒకటో రెండో. బూడిద ఎక్కువగా ఈ బీడబ్ల్యూలోనే ఉంటుంది. ఐడహో అడవుల్లో దీని మందం జానెడు నుంచి అర మీటరు పైచిలుకు దాకా ఉంటుంది. దాని కింద ఒక్కసారిగా పదార్థం మారుతుంది: రాళ్లు ఎక్కువవుతాయి, ఇసుక గరుకుదనం వస్తుంది, మట్టి బరువెక్కుతుంది. మూల పదార్థం మారినచోట పొర పేరు ముందు అంకె వేయాలి, అంటే 2బీటీ (బంకమట్టి చేరిన పొర), ఇంకా కింద మారితే 3సీ (పెద్దగా మారని మూల పదార్థం). మొదటి పదార్థానికి 1 వేయరు. ఈ అంకె మరిచిపోతే బూడిద దుప్పటి కథే నోటుబుక్కులోంచి ఎగిరిపోతుంది. హద్దు ఎంత స్పష్టమో కూడా రాయండి: 2 సెం.మీ. లోపు మారితే ఆకస్మికం, 2 నుంచి 5 అయితే స్పష్టం, 5 నుంచి 15 అయితే క్రమం, అంతకు మించితే మసక. అడవి వేళ్లు కలిపేయడం వల్ల ఈ హద్దు తరచూ అలల్లా ఉంటుంది. కాబట్టి ఒక్క చోట కాక ముఖం పొడవునా మూడు చోట్ల లోతు కొలిచి తక్కువ, ఎక్కువ రెండూ రాయండి.

రంగును మన్సెల్ పుస్తకంతో పోల్చి తడిలో, పొడిలో రెండుసార్లు చూసి, దాని గుర్తును (7.5 వైఆర్ 4/4 లాంటిది) రాయాలి. చెట్ల కింద వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. పెళ్లను చెట్టు లేని చోటికి తెచ్చి, చలువ కళ్లద్దాలు తీసి చూడండి.

చేతి పరీక్ష: అసలు చిక్కంతా ఇక్కడే

రేగడిని తడిపి వేళ్ల మధ్య నొక్కితే పొడవైన రిబ్బను వస్తుంది, చేతికి అంటుకుంటుంది. చెల్కలో ఇసుక గరగరలాడుతుంది. బూడిద నేల పిండిలా, కొంచెం జిడ్డుగా తగులుతుంది. అంటుకోదు, రిబ్బను చిన్నగా విరిగిపోతుంది. దాంతో ‘ఒండ్రు (సిల్ట్) ఎక్కువ, బంకమట్టి తక్కువ’ అని రాసేస్తాం. అలా రాసేముందు ఈ క్రమం చేసి చూడండి.

నిమ్మకాయంత మట్టిని ఎండనివ్వకుండా తీసుకోండి. ముద్దయ్యేదాకా స్ప్రే చేసి, కనీసం ఒక నిమిషం ఆపకుండా రుద్దండి. రుద్దేకొద్దీ మెత్తబడుతూ పోతుంటే సూక్ష్మ రేణువులు గుంపులుగా కట్టి ఉన్నాయన్నమాట. మొదటి పది సెకన్లలో తోచిన టెక్స్చర్‌నూ (ఇసుక, ఒండ్రు, బంక పాళ్లనూ) నిమిషం తర్వాత తోచినదాన్నీ రెండూ రాయండి.

తర్వాత జారుడు పరీక్ష. తడి ముద్దను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా ఒత్తిడి పెంచండి. కాసేపు గట్టిగా నిలుస్తుంది, హఠాత్తుగా లొంగి వేళ్లు జారిపోతాయి, వేళ్ల మీద నీటి చెమ్మ మెరుస్తుంది. ఒత్తిడి తీస్తే మళ్లీ కుదురుకుంటుంది. ఇది సన్నగా తెలిస్తే బలహీనం, వేళ్లు స్పష్టంగా జారితే మధ్యస్థం, సబ్బు ముక్కలా చేతిలో నిలవకపోతే బలం. మామూలు ఒండ్రుకు ఈ ‘నిలిచి, ఒక్కసారిగా జారే’ లక్షణం ఉండదు. ఆ తేడా ఒక్కసారి వేళ్లకు తెలిస్తే మరిచిపోవడం కష్టం.

ల్యాబులో కూడా పైపెట్ పద్ధతి (రేణువులు నీటిలో కిందికి దిగే వేగాన్ని బట్టి కొలవడం) ఈ నేలలో బంకమట్టిని తక్కువగా చూపిస్తుంది, గుంపులు పూర్తిగా విడిపోవు. అందుకే వర్గీకరణలో ఇలాంటి మట్టికి ఇసుక, ఒండ్రు, బంక శాతాలకు బదులు వేరే మాటలున్నాయి. ఎండబెట్టని మట్టి 1,500 కిలోపాస్కల్ (మొక్కలు వాడిపోయే స్థాయి) దగ్గర పట్టే నీరు పొడి బరువులో 30 శాతం లోపైతే ఆషీ, 30 నుంచి 100 లోపు మీడియల్, 100 దాటితే హైడ్రస్. హవాయి తడి వాలుల్లో ఈ చివరి రకం ఉంది. అక్కడ మట్టి కంటే అందులోని నీరే బరువు.

సోడియం ఫ్లోరైడ్ పరీక్ష

లీటరు నీటిలో 42 గ్రాములు వేస్తే 1 మోలార్ ద్రావణం. దాదాపు కరగగలిగినంతా అదే, కాబట్టి అడుగున కొంచెం మిగిలినా కంగారు పడకండి. ప్లాస్టిక్ కప్పులో 1 గ్రాము మట్టి, 50 మి.లీ. ద్రావణం పోసి కలుపుతూ సరిగ్గా 2 నిమిషాలకు పీహెచ్ చూడండి. ఫ్లోరైడ్ అల్యూమినియాన్ని పట్టుకుని దాని దగ్గరున్న హైడ్రాక్సైడ్‌ను బయటికి నెడుతుంది, పీహెచ్ పెరుగుతుంది. 9.4 దాటితే ఆలోఫేన్ వంటి పదార్థమో హ్యూమస్‌తో కట్టిన అల్యూమినియమో బాగా ఉందని బలమైన సూచన. మీటరు లేకపోతే ఫినాప్తలీన్ పట్టించిన వడపోత కాగితం మీద చిటికెడు మట్టి పెట్టి ఒక చుక్క ద్రావణం వేయండి. చప్పున గులాబీ రంగు వస్తే చాలు.

తప్పులు ఇక్కడ మూడు రకాలు. మొదటిది సున్నం. సున్నపు నేల తనంతట తానే పీహెచ్ పెంచుతుంది. అందుకే మరో చోట, మరో ముక్క మీద ముందే ఆమ్లం చుక్క వేసి చూడాలి. నురగ వస్తే ఫ్లోరైడ్ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మన రేగడిలో సున్నపు గులకలు ఉంటాయి కాబట్టి ఇంట్లో సాధన చేసేవాళ్లు ఇందులోనే పడతారు. రెండోది వ్యవధి. 2 నిమిషాలు దాటి అరగంట తర్వాత చూస్తే చాలా నేలలు ఎక్కువే చూపిస్తాయి. మూడోది అర్థం చేసుకోవడంలో. ఈ పరీక్ష బూడిదను నిరూపించదు. నీలగిరి మట్టి కూడా గట్టిగా స్పందించగలదు. గాజు ఎక్కువగా ఉండి ఇంకా అరగని కొత్త బూడిద మాత్రం దాదాపు స్పందించదు.

స్థూల సాంద్రత

రింగును పొర మధ్యలో, ముఖానికి లంబంగా నిదానంగా నొక్కండి. సుత్తితో కొడితే మెత్తటి బూడిద రింగులోపల కుంగిపోతుంది. రింగు లోపలి మట్టి మట్టం బయటి మట్టానికి సమానంగా లేకపోతే ఆ నమూనా పారేయండి. అంచులు కత్తితో కోసి, మొక్కల వేళ్లను కత్తెరతో కత్తిరించి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూచండి. 100 ఘన సెం.మీ. రింగులో 72 గ్రాములుంటే స్థూల సాంద్రత ఘన సెం.మీ.కు 0.72 గ్రాములు. చెల్కకు 1.5 చుట్టూ, రేగడికి 1.3 దాటి చూసిన కంటికి ఇది తప్పులా అనిపిస్తుంది. తప్పు కాదు. రాళ్లు ఎక్కువున్న పొరలో రింగు పనికిరాదు. చిన్న గుంట తవ్వి మట్టినంతా దాచి, గుంటలో పలుచని ప్లాస్టిక్ పరిచి, అంచుదాకా పట్టిన నీటిని కొలవండి. రాళ్ల బరువు, ఘనపరిమాణం విడిగా తీసేయండి.

గాజు రేణువులు

భూతద్దంలో గాజు మెరుస్తుందేగానీ లెక్కకు పోలరైజింగ్ మైక్రోస్కోప్ కావాలి. సేంద్రియ పదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొట్టి, కడిగి, 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య రేణువులు జల్లెడ పట్టి స్లైడు మీద వేయండి. అడ్డు పోలరాయిడ్‌ల మధ్య స్లైడు తిప్పితే క్వార్ట్‌జ్ వెలిగి ఆరుతుంది, గాజు ఎటు తిప్పినా చీకటిగానే ఉంటుంది. వంపు తిరిగిన బుడగ గోడలు, సన్నని గొట్టాలున్న ప్యూమిస్ (నురగ రాయి) ముక్కలు దాని ఆకారాలు. కనీసం 300 రేణువులు లెక్కపెట్టండి. మొక్కల్లోంచి వచ్చే ఓపల్ సిలికా రేణువులు కూడా ఇలాగే చీకటిగా ఉంటాయి. అడవి నేలలో అవి తక్కువేం కాదు. వాటి వక్రీభవన సూచిక గాజు కంటే తక్కువ, ఆకారం మొక్క కణంలా ఉంటుంది. ఈ తేడా తెలియనివాడు గాజు శాతాన్ని పెంచి రాస్తాడు.

ల్యాబు అంకెలు వచ్చాక

ఆండిక్ గుణాలకు అమెరికా పద్ధతిలో రెండు దారులు. రెండింటికీ సేంద్రియ కార్బన్ 25 శాతం లోపే ఉండాలి. మొదటి దారి: ఆక్సలేట్ ద్రావణంలో కరిగిన అల్యూమినియం, సగం ఇనుము కలిపి 2 శాతం లేదా ఎక్కువ, 33 కిలోపాస్కల్ వద్ద స్థూల సాంద్రత 0.90 లేదా తక్కువ, భాస్వరం బిగింపు 85 శాతం లేదా ఎక్కువ. రెండో దారి గాజు మిగిలిన నేలలకు: 0.02 నుంచి 2 మి.మీ. రేణువులు 30 శాతానికి తగ్గకూడదు, భాస్వరం బిగింపు 25 శాతానికి తగ్గకూడదు, ఆ అల్యూమినియం–సగం ఇనుము మొత్తం 0.4 శాతానికి తగ్గకూడదు, గాజు 5 శాతానికి తగ్గకూడదు, ఆపై ఆ మొత్తాన్ని 15.625తో గుణించి గాజు శాతం కలిపితే 36.25 చేరాలి. అల్యూమినియం 0.9, ఇనుము 1.0 అనుకోండి. మొత్తం 1.4, గుణిస్తే 21.875. గాజు 18 శాతమైతే 39.875, నెగ్గింది. గాజు 12 అయితే 33.875, నెగ్గలేదు. ఇంత సన్నని గీత మీద తేలుతుంది కాబట్టే ఓపల్‌ను గాజుగా లెక్కించడం పెద్ద తప్పు.

నోటుబుక్కులో ఒక పొర

నమూనాకు ఇలా: ‘బీడబ్ల్యూ1, 9–27 సెం.మీ.; తడిలో 7.5 వైఆర్ 4/4, పొడిలో 10 వైఆర్ 6/4, చేతికి ఒండ్రు లోమ్, నిమిషం రుద్దాక మరింత మెత్తన, బలహీనమైన సన్నని గుళికల నిర్మాణం, చాలా పొడిపొడి, అంటుకోదు, కొద్దిగా సాగుతుంది, మధ్యస్థ జారుడు, సన్నని వేళ్లు చాలా, మధ్యరకం కొన్ని, రాళ్లు 5 శాతం, ఆమ్లానికి నురగ లేదు, ఫ్లోరైడ్ పీహెచ్ 10.1; కింది హద్దు స్పష్టం, అలల్లా, 24–31 సెం.మీ.’ ఇందులో ‘బూడిద’ అన్న మాట లేదు. అది మూల పదార్థం గడిలో, ఏ ఆధారంతో అన్నారో రాస్తూ వెళ్లాలి.

మట్టి సంచులు, చివరి పని

మనకు మట్టి తేగానే మేడ మీద కాగితం పరిచి నీడలో ఆరబెట్టడం అలవాటు. ఈ నేలనంతా అలా ఆరబెట్టేయకండి. ఒకసారి ఆరితే సూక్ష్మ రేణువులు గట్టి గుళికలై మళ్లీ నీటిలో విడిపోవు. బంకమట్టిలా ఉండాల్సింది ఇసుకలా చూపిస్తుంది, నీరు పట్టే శక్తి కూడా పడిపోతుంది. ప్రతి పొర నుంచి రెండు సంచులు నింపండి. ఒకటి తడిగానే, గాలి తీసి మూసి, ఐస్‌బాక్సులో 4 డిగ్రీల దగ్గర. ఇంకోటి ఆరబెట్టే పరీక్షలకు. లేబుల్ పెన్సిలుతో రాసి సంచి లోపల ఒకటి, బయట ఒకటి. నమూనాలు అడుగు పొర నుంచి పైకి తీస్తే పైమట్టి రాలి కిందిదాన్ని పాడుచేయదు. విదేశంలో తవ్విన మట్టిని సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగొద్దు. మొక్కల తెగుళ్ల భయం వల్ల అనుమతి లేకుండా మట్టి దిగుమతి నిషిద్ధం. పరీక్షలు అక్కడి ల్యాబులోనే చేయించి అంకెలు తెచ్చుకోండి.

గుంతను అదే రోజు పూడ్చండి. ముందు అడుగు మట్టి, దాని మీద బూడిద పొర, ఆపైన పైమట్టి, చివర ఆకుచెత్త. ఒక్కో పొరను చేత్తో సర్దండి, కాళ్లతో తొక్కొద్దు. అణిగిన బూడిద మళ్లీ ఉబ్బడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా అక్కడ వేళ్లు దిగడం కష్టం.